మార్గళిలో చలిపందిరి

సొంత ఊళ్లో ఉద్యోగం రావడం అదృష్టమనుకునే పిల్లలు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. "ఏం తాతా, నువ్వు సర్వీసులో సగం సొంతూర్లోనే ఉండినావంట గదా, ఎవురిని పట్టినావు?" అని అడుగుతారు. నేనెవరినీ పట్టలేదు నాయనా, ఊరే నన్ను పట్టుకుంది. సొంత ఊళ్లో ఉద్యోగం దొరకడం అంత కష్టం కాదు, దొరికాక అక్కడ అన్నం తినడమే కష్టం. నేనొకసారి మా అత్తగారింటి ముందు కూర్చుని, లోపల నా బిడ్డ తొట్టిల పండుగకు వడ్డిస్తున్న కూరల వాసన పీలుస్తూ, నీళ్లు తాగి లేచాను. అలిగి కాదు, ఉద్యోగం కోసం. ఆ సంగతే చెప్తాను, వినండి.

యాభైల చివరి మాట. నేను మరామత్తు శాఖలో ఓవర్సియరును. మాది తమిళదేశంలోని రాజపాళయం, ఇళ్లలో మాత్రం తెలుగే. పడమటి కొండల్లోంచి ఒక ఏరు దిగుతుంది. ఏరనగానే పెద్దగా ఊహించుకోకండి. ఐప్పసి, కార్తీక మాసాల్లో, అంటే దీపావళికి ముందూ వెనకా, వానలు పడితే కొన్ని నెలలు పారుతుంది. ఎండలు ముదిరేసరికి రాళ్ల మధ్య తడి మిగులుతుంది, అంతే. ఆ పాటి ఏటిని నమ్ముకుని మూడు పక్షాలున్నాయి. కొండ కింద మామిడి తోపులవాళ్లు ఏటికి అడ్డంగా రాతికట్ట వేసి, పక్క కాలువలోకి నీళ్లు మళ్లించుకునేవాళ్లు. దిగువన చోళపురం కణ్మాయి ఉంది. కణ్మాయి అంటే మా వైపు సాగు చెరువు. దాని కింద వరి పొలాలు. ఇక మూడో పక్షం మా టౌను. మిల్లులు పెరిగాయి, మనుషులు పెరిగారు, బావులు మాత్రం పాతవే. ఎండాకాలంలో మా అమ్మ తెల్లారకముందే బిందెను వరసలో పెట్టి వచ్చి, మిల్లు కూత వినపడగానే తన బిందె ఇంకా అక్కడే ఉందో లేదో చూడటానికి పరిగెత్తేది.

టౌనుకు తాగునీటి కోసం కొండ కింద ఒక జలాశయం కట్టాలని సర్కారు అనుకుంది. మా ఇంజినీరుగారు తంజావూరు వైపు మనిషి. కోపం వచ్చినా గొంతు పెంచడం చేతకాని మనిషి. నన్ను పిలిచి, తమిళంలో మెల్లగా చెప్పారు. "కట్ట ఎక్కడ వెయ్యాలో నేను చూసుకుంటాను. కానీ ఈ ముగ్గురూ ఒక మాట మీదికి రాకపోతే కోర్టుకెక్కుతారు. కోర్టుకెక్కితే నేను రిటైరయ్యేలోపల అక్కడ ఒక రాయి కూడా పడదు. నువ్వు ఊరివాడివి. వాళ్లను కూర్చోబెట్టు."

"అయ్యా, చోళపురం రైతుల పెద్ద మా మామ" అన్నాను. మా అమ్మకు సొంత తమ్ముడు. ఆయన కూతురినే నేను చేసుకున్నాను.

ఆయన నవ్వారు. "ఈ ఊళ్లో ఎవరికి ఎవరు చుట్టం కాదయ్యా? ఎవరికీ చుట్టం కాని ఓవర్సియరు కావాలంటే సిలోను నుంచి తెప్పించాలి" అన్నారు.

అలా ఇరుక్కున్నాను. జలాశయం కడితే మామ చెరువుకు వచ్చే నీళ్లు తగ్గుతాయి. కట్టకపోతే మా అమ్మ బిందె వరసలోనే ఉంటుంది. ఇటు తప్పు చేస్తే ఊరికి మొహం చూపించలేను, అటు తప్పు చేస్తే మామకు.

మొదటి తప్పు మొదటి వారంలోనే చేశాను. చోళపురం కణ్మాయి కట్ట మీద కొలత చైను లాగించి, మట్టాలు చూసేసరికి మధ్యాహ్నం దాటింది. వాన తుంపర. అత్త కబురు పెట్టింది, నాటుకోడి పులుసు పెట్టిందట. అత్తగారిల్లు అక్కడ కనపడుతుండగా వానలో నిలబడి ఎండు రొట్టె తినే అల్లుడెవడుంటాడు? చైను, జెండాలు మామ వసారాలో ఆనించి, చెయ్యి కడుక్కుని కూర్చున్నాను. కడుపు నిండా తిన్నాను. ఆ పులుసు రుచి ఇప్పటికీ గుర్తుంది. గుర్తుండక ఏం చేస్తుంది, దాని తర్వాత నెలల తరబడి ఆ ఇంట్లో తినలేదు కదా.

తర్వాత కొండ కిందికి వెళ్లాను. తోపుల్లోకల్లా పెద్ద తోపు ఉన్న ఆయనను మేమంతా తోప్పాయన అనేవాళ్లం. భారీ మనిషి, తెల్లటి బనియను, పక్కన మా ఊరి తెల్లకుక్క. ఆ జాతి కుక్కలకు యజమాని కళ్లతో సైగ చేస్తే చాలు. ఆయన సైగ చేశాడు. అది నా చైను మీద కాళ్లు పెట్టుకుని పడుకుంది.

"రా తంబీ. మొన్న చోళపురంలో చెయ్యి నానించినావంట?" అన్నాడు.

మా వైపు ఒకరింట్లో భోజనం చేస్తే చెయ్యి నానింది అంటారు. పెళ్లి మాటలకు వెళ్లినవాళ్లు మాట కుదిరేదాకా ఆ ఇంట్లో చెయ్యి నానించరు. నీళ్లు కూడా ముట్టరు. నానిందంటే మాట కుదిరినట్టే. ఇది మా అందరికీ ఉగ్గుపాలతో తెలిసిన సంగతి. నాకూ తెలుసు. కోడి పులుసు ముందు మరిచిపోయాను.

"మామ ఇల్లు గదయ్యా" అన్నాను.

"మామ ఇంటికి పండక్కి పోరాదా? దీపావళికి పో, కోడి గాదు, మేకపోతునే కోసుకొని తిను. నేను వద్దంటినా? చైను పట్టుకొని పోయినావు నువ్వు. చైనుతో పోయి చెయ్యి నానించినోడు ఈడొచ్చి సరిగా కొలుస్తాడని నేనెట్ల నమ్మేది? పో తంబీ. నీ మీద కోపం లేదు. నీ కొలత మాత్రం వద్దు."

కుక్క చైను వదల్లేదు. దాన్ని బతిమాలి చైను తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. ఆయన కుర్చీలో కూర్చుని చూస్తున్నాడే గానీ సైగ చెయ్యలేదు.

ఆ రోజు ఇంటికి నడుస్తూ ఒక నిర్ణయం చేసుకున్నాను. ఈ పని తేలేదాకా ముగ్గురిలో ఎవరింట్లోనూ పచ్చి గంగ కూడా ముట్టకూడదు. మరి నేను టౌను మనిషినే కదా, నా ఇంట్లో నేను తినడం టౌను పక్షం తిండి కాదా అని ఎవరూ అడగలేదు. అడిగివుంటే పస్తులే.

టౌను తరఫున మాట్లాడేది మునిసిపాలిటీ సభ్యురాలు ఒకావిడ. మెంబరమ్మ అనేవాళ్లం. భర్త పోయాక పిల్లల్ని సాకుతూ, మెంబరై కూడా అందరితో పాటు వరసలో బిందె పెట్టేది. మాట ఎండుమిరపకాయ. నా నియమం ఆమెకు చెప్పి, కాఫీ వద్దన్నాను. "మంచిదే పో. ఒక కాపీకి నీళ్లు మిగిలినాయి" అని ఆ లోటాను తానే తాగేసింది.

అసలు కష్టం ఇంట్లో మొదలైంది. నా భార్యకు అది తొలి చూలు. పుట్టింటికి పంపే రోజు దగ్గరపడింది. బట్టలు మూట కడుతూ ఆమె అంది, "ఈడ బిందె మోసేదీ నీళ్లకే. ఆడ మా నాయన పొద్దుగూకులూ కణ్మాయి కట్ట మీద నిలబడేదీ నీళ్లకే. నేను ఎవురి పక్కన మాట్లాడేది? ఒకటి చెయ్యి. మా నాయనకు మోసం చెయ్యొద్దు. మా నాయన కోసరం ఊరికీ మోసం చెయ్యొద్దు. ఆ తర్వాత నువ్వు ఏం చేసినా సరే."

ఆమెను చోళపురంలో దింపడానికి వెళ్లాను. బండి దిగాను గానీ గడప దాటలేదు. అత్త మజ్జిగ తెచ్చింది. వద్దన్నాను. అన్నం తినమంది. వద్దన్నాను. కారణం చెప్పాను. ఆమెకు ఎక్కలేదు.

"నా చేతి కూడు చేదయిపోయిందా రా నీకు? తొట్టిల్లో ఉండేటప్పటి నుంచి పెట్టిన చెయ్యి ఇది" అని ఏడ్చింది. మా అమ్మ జబ్బుతో ఉన్న రోజుల్లో నన్ను పెంచింది ఆమె. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. బండి ఎద్దు మెడ నిమురుతూ నిలబడ్డాను.

మామ స్తంభానికి ఆనుకుని అంతా విన్నాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "వాణ్ణి ఇడిసిపెట్టు. వాడు చెప్పేది నాయమే. నేనూ వాని ఇంటికి పోను. ఈ పని ముగిసేదాకా టౌనుకు పోయినా వాని గడప తొక్కను" అన్నాడు. అత్త ఇంకా గట్టిగా ఏడ్చింది. అల్లుడు పోయాడనుకుంటే మొగుడూ అటే తిరిగాడు.

మళ్లీ నేను భార్యను చూడటానికి వెళ్లేసరికి మార్గళి నెల. అంటే మీ ధనుర్మాసం, పొద్దున్నే నోరు తెరిస్తే పొగ వచ్చే చలి. మామ ఇంటి ఎదురుగా, రోడ్డు అంచున, తాటాకులతో ఒక పందిరి. దాని కింద ఇసుక పోసి, తడిగుడ్డ చుట్టిన పెద్ద కుండ. పక్కన ఒక బల్ల.

"ఏమి మామా ఇది?"

"తణ్ణిపందలి" అన్నాడు. చలిపందిరికి మా మాట అది.

"మార్గళిలోనా?"

"దాహానికి మాసమేముండాది?"

ఊరంతా నవ్వుకుంటున్నారట, ముసలాయనకు మతి తప్పింది, వణికే చలిలో చలిపందిరి పెట్టాడు అని. మామ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, తన గోడకూ పందిరికీ మధ్య జాగా చూపించాడు.

"చూడప్పా. నా పట్టా ఈ గోడతో సరి. పందలి ఉండేది సర్కారు పొరంబోక్కు. కుండ కొత్తది, నా ఇంటి కుండ గాదు. నీళ్లు ఊరబావివి. దోవన పోయేవాళ్లు ఎవురైనా తాగచ్చు. నువ్వూ దోవన పోయేవాడివే గదా?"

ఓవర్సియరుగా నేను చెయ్యవలసిన పని ఒకటుంది. సర్కారు భూమిలో అనుమతి లేకుండా పందిరి వేసినందుకు ఆయనకు నోటీసు ఇవ్వడం. దానికి బదులు నేను బల్ల మీద కూర్చుని దోసిలి పట్టాను. అత్త కొబ్బరిచిప్ప గరిటెతో నీళ్లు పోసింది. తాగుతుంటే పళ్లు జివ్వుమన్నాయి. తాగుతూనే ఉన్నాను. ఆమె పోస్తూనే ఉంది. ఇంటి తలుపు దగ్గర నా భార్య పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నవ్వుతోంది.

ఆ తర్వాత ఆ కుండలో నీళ్లు మెల్లగా మారడం మొదలైంది. ఒకసారి జీలకర్ర వాసన వచ్చింది. ఇంకోసారి కొత్తిమీర వేసిన మజ్జిగ. ఆ పై వారం బెల్లం, శొంఠి వేసిన పానకం. "అత్తా, ఇది చలిపందిరేనా?" అని అడిగితే, "దోవన పోయే అందరికీ ఇదే. నీకొక్కనికా పెట్టినాను? ఎవురినైనా అడిగి చూడు" అంది రోషంగా. నిజమే. నాకొక గ్లాసు పానకం తాగించడానికి ఆమె సంతకు పోయే బండివాళ్లకూ, గొర్రెలు తోలేవాళ్లకూ, బడికి పోయే పిల్లలకూ అందరికీ పోసింది. చోళపురం దారిలో ఆ ఏడు జనం ఎక్కువయ్యారని మామ సణిగేవాడు.

ఆడపిల్ల పుట్టింది. సంక్రాంతి పడే తై నెల వెళ్లి మాసి వచ్చాక తొట్టిల పండుగ పెట్టుకున్నారు. బిడ్డను మొదటిసారి ఊయలలో వేసే రోజు. చుట్టాలు, పక్కాలు, మేళం. నేను బిడ్డను గడప దగ్గరే చేతుల్లోకి తీసుకుని, లోపలివాళ్ల చేత ఊయలలో వేయించి, వెనక్కి వచ్చి పందిరి కింద కూర్చున్నాను. లోపల ఆకులు పరిచారు. మేకమాంసం కూర వాసన వీధి చివరిదాకా పోయింది. ఎవరెవరో వచ్చి లాగారు. నేను లేవలేదు. ఉద్యోగం మీద అంత కసి వచ్చిన రోజు ఇంకొకటి లేదు.

అప్పుడు ఒక ఒంటెద్దు బండి వచ్చి ఆగింది. దాంట్లోంచి తెల్లకుక్క దూకింది. వెనకాల తోప్పాయన దిగాడు.

ఆయన ఎందుకు వచ్చాడో తర్వాత ఆయనే చెప్పాడు. బిడ్డ పండుగకు ఓవర్సియరు అత్తగారింట్లో ఆకు ముందు కూర్చుంటాడు, కళ్లారా చూసి, నలుగురి ముందు నిలదీసి, పైవాళ్లకు చెప్పి నన్ను మార్పించాలని. అంతే. పండుగకు పిలుపు లేకపోయినా అంత దూరం బండి కట్టుకుని వచ్చాడు.

"లోపల పండగ జరగతా ఉండాది. నువ్వు ఈడ ఏం చేస్తా ఉండావు?"

"నీళ్లు తాగతా ఉండానయ్యా."

"సాప్పాడు?"

"మీ కాలువ సంగతి తేలిన తర్వాత."

ఆయన లోపలికి చూశాడు. విస్తళ్ల వరస, ఊయల, తలుపు సందులోంచి నా భార్య మొహం. నా చేతిలోని కంచు లోటా చూశాడు. అత్త గరిటె పట్టుకుని వచ్చి, ఎవరో ఏమిటో అడగకుండా ఆయనకూ ఒక లోటా నిండా పానకం పోసింది. ఆమెకు అలవాటైపోయింది. ఆయన తాగేశాక భయపడ్డట్టు అడిగాడు.

"నాకూ ఇప్పుడు చెయ్యి నానినట్టేనా?"

లోపలి నుంచి వచ్చిన మామ పంచె సర్దుకుంటూ అన్నాడు, "లేదు సామీ. ఇది పొరంబోక్కు."

తోప్పాయన నవ్వాడు. పొట్ట కదిలేటట్టు, కుక్క బెదిరి మొరిగేటట్టు నవ్వాడు. పోతూ పోతూ బండిలోంచి అన్నాడు, "తంబీ, నీ చైను తీసుకొని రా. కొలుచుకో. కన్నబిడ్డ తొట్టిలకే చెయ్యి నానించనోడు నా కాలువలో ఏమి మోసం చేస్తాడు!"

నేను కొలవడానికి వెళ్లిన రోజు ఆ కుక్క నన్ను ఏమీ అనలేదు. చైను వెంట తోకాడిస్తూ నడిచింది.

ఇక ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టాలి. ఎక్కడ? తోప్పాయన ఇంటికి మామ రాడు. మునిసిపాలిటీ ఆఫీసుకు రైతులు రారు, అక్కడ అడుగు పెడితే సంతకం లాక్కుంటారని భయం. మామ ఇంటికి మెంబరమ్మ రాదు. "పొరంబోక్కులోనే కూర్చుందాం" అన్నాడు తోప్పాయన. అప్పటికి ఎండలు మొదలై, పందిరికి అసలైన ఋతువు వచ్చింది.

తోప్పాయన వచ్చాడు. మెంబరమ్మ ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. మామ వెనక చోళపురం రైతులు గుంపుగా నిలబడ్డారు. ఇంజినీరుగారిని కుర్చీలో కూర్చోమంటే వద్దని బల్ల చివర సర్దుకున్నారు. అత్త కుండ దగ్గర. మొదట ఎవరూ నీళ్ల మాటే ఎత్తలేదు. మా వాళ్ల తీరే అంత. ఎద్దుల గురించి, మిల్లు బోనసు గురించి, ఎండ గురించి మాట్లాడారు. నేను తొందరపడి ఏటి లెక్కలు విప్పబోతే ఇంజినీరుగారు నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న పెద్ద విద్య అదే, మాటను దాని దారిన రానివ్వడం.

తోప్పాయన తన మామిడి గురించి మొదలుపెట్టాడు. ఆ ఏడు పూత విరగబూసింది. ఆయన మీసం మీద చెయ్యి వేసి, "పూత ఊరికే వచ్చునా? కార్తీకం పోతే నా చెట్లకు చుక్క నీళ్లు చూపించను. ఎండగట్టాల. అప్పుడు నీళ్లు పెడితే చెట్టు ఆకేస్తాది, పూత రాదు. పిందె గోలీ సైజుకు వచ్చినాకనే నీళ్లు" అన్నాడు.

మామ మెల్లగా అడిగాడు. "అప్పుడు మార్గళిలో, తైలో మీ కాలువలో పారే నీళ్లు ఏమవుతా ఉండాయి సామీ?"

తోప్పాయన చెయ్యి మీసం మీంచి దిగింది. ఆ నీళ్లు ఏమవుతున్నాయో అందరికీ తెలుసు. తోపు చివర పల్లంలో పడి ఇంకిపోతున్నాయి. కాలువ తమదని చెప్పుకోవడానికి ఆయన తాత కాలం నుంచి దాన్ని ఎన్నడూ మూయలేదు. మూస్తే హక్కు పోతుందని భయం. ముందు మెంబరమ్మ నవ్వింది, తర్వాత అందరూ, చివరికి తోప్పాయన కూడా. "సరి, నా నోరే నా కాలువను మూసె. హక్కు నాదేనని రాసిస్తే పూత నిలిచేదాకా మూస్తాను. కాయ ఊరేటప్పుడు మాత్రం నాకు సన్నంగా ఒక ధార కావాల" అన్నాడు. ఇంజినీరుగారు అక్కడికక్కడే తల ఊపారు.

సగం అయింది. రెండో సగం గొంతులో ముల్లు. తోపు కాలువ మూస్తే చెరువు ఒకసారి తప్పక నిండుతుంది. కానీ రెండోసారి నింపితే జలాశయానికి మిగిలేది లేదు. రెండోసారి నింపకపోతే రైతులకు రెండో కారు, అంటే రెండో పంట, వరి లేదు. చివరి మడి రైతు ఒకడు లేచి అరిచాడు. "మా మడి చివర్న ఉండాది. తగ్గితే తగ్గేది మాకే! తూము కాడ ఉండే పెద్దవాళ్ల మడికి ఎట్లైనా పారతాది. వాళ్లు రెండో కారు కోస్తా ఉంటే మేము గట్టు మీద కూర్చొని చూడాల్నా?"

తూము దగ్గరి మడి మా మామది. అందరూ ఆయన వైపు చూశారు. నేను తల ఎత్తలేకపోయాను. ఆయన వద్దంటే ఆ రోజుతో అంతా ఆఖరు. అవునంటే, ఆయన చేతుల్లోంచి ఏం పోతుందో నాకు తెలుసు. ప్రతి ఏడాదీ ఆ రెండో కారు బియ్యమే బండిలో మా ఇంటికి వచ్చేది, కూతురికని.

మామ మెంబరమ్మను అడిగాడు. "అమ్మా, ఎండాకాలం మీ ఊళ్లో ఒక ఇంటికి ఎన్ని బిందెలు దొరకతాయి?"

"రెండు. వరసలో గొడవ లేకపోతే."

"బిడ్డ ఉండే ఇంటికి?"

"బావికి బిడ్డ ఉండేది తెలుస్తాదా అన్నా? దానికీ రెండే" అంది ఆమె. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో మిరపకాయ లేదు.

మామ తలుపు వైపు చూశాడు. నా భార్య బిడ్డను భుజాన వేసుకుని నిలబడి ఉంది. ఇంకొన్నాళ్లలో వాళ్లిద్దరూ టౌనుకు రావాలి. ఆయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, చివరి మడి రైతుతో అన్నాడు, "నువ్వు చెప్పింది నాయం. రెండో కారు నాకూ వద్దు. తూము కాడి మడిలోనూ పత్తే వేస్తాను. నా మడిలో రెండో కారు నారు కనపడితే నువ్వే పీకి పారెయ్యి, నేను అడగను."

ఆ రైతు కూర్చున్నాడు. కాసేపటికి కుండ దగ్గరి నుంచి అత్త గొంతు వినపడింది. "మీరంతా పంచుకొన్నారు, సరి. ఆ ఏటికి ఏమి మిగిలిచ్చినారు? గొర్రెలు ఆడనే గదా తాగతాయి? కొండ మీది నోరులేనివి దిగి వస్తే ఆడనే గదా?" ఇంతసేపటి పంపకంలో ఏటి పేరు ఎవరికీ గుర్తు రాలేదు. కట్ట అడుగున, ఎవరూ మూయడానికి వీల్లేకుండా, ఏటి మడుగులకు ఎప్పుడూ కొద్దిగా నీళ్లు పోయేటట్టు ఒక చిన్న దారి పెట్టారు ఇంజినీరుగారు. ఆయన దాన్ని చివరిదాకా మా అత్త పేరుతోనే పిలిచేవారు.

సంతకాలు, వేలిముద్రలు అయ్యాయి. అప్పుడు అత్త గరిటె కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది. లోపలికి లాక్కుపోయింది. ఆకు వేసి ఉంది. నాటుకోడి పులుసు. పొద్దున్నే చేసి పెట్టిందట, మాట కుదురుతుందో లేదో తెలియకుండానే. నా పక్కన తోప్పాయన కూర్చున్నాడు, ఆయన పక్కన ఇంజినీరుగారు, ఎదురు వరసలో మెంబరమ్మ. "ఇప్పుడు నానినా పరవాలేదు గదా?" అని తోప్పాయన చెయ్యి కడుక్కున్నాడు. నేను పులుసు మూడుసార్లు అడిగి పోయించుకున్నాను.

బయల్దేరేటప్పుడు మామతో అన్నాను. "పని అయిపాయె గదా. ఇంక మా ఇంటికి రా మామా."

"మీ ఇంటికి కొళాయి నీళ్లు వచ్చినప్పుడు వస్తాను అల్లుడా. నేను ఇచ్చింది ఎట్లుండాదో తాగి చూడొద్దా?"

ఇప్పుడు ఇలాంటి పనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. చార్టులు గోడకు వేలాడదీస్తారు, అందరి మెడల్లోనూ అట్టముక్కలు, మధ్యలో బిస్కెట్లు. మంచిదే, నేను కాదనను. కానీ పిల్లలూ, మీరు ఎప్పుడైనా ఇద్దరి మధ్య కూర్చోవలసి వస్తే, ఆ బిస్కెట్టు ఎవరు తెచ్చారో ఒకసారి కనుక్కోండి. ఇంకొకటి. పంచుకునేటప్పుడు ఎవరో ఒకరు పోగొట్టుకుంటారు. కాగితం మీద అది ఒక గీత. ఆ పోగొట్టుకునే మనిషి మొహం చూడకుండా ఆ గీత గీయకండి. నేను చూశాను, అందుకే చెప్తున్నాను.

జలాశయం పూర్తవడానికి కొన్ని ఏళ్లు పట్టింది. మామ మాట మీదే ఉన్నాడు. తూము దగ్గరి మడిలో పత్తి వేశాడు. అది ఒక ఏడు పండేది, ఒక ఏడు పురుగు తినేది. బియ్యం బండి మళ్లీ మా ఇంటికి రాలేదు. నా భార్య ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు, అంగడిలో బియ్యం కొనడం నేర్చుకుంది. చలిపందిరి మాత్రం ఆగలేదు. ఎండాకాలం వస్తే తోప్పాయన బండిలో మామిడికాయలు వచ్చేవి, పానకంలో పచ్చిమామిడి రసం చేరింది.

అరవైల్లో ఒక రోజు మా వీధికి కొళాయి వచ్చింది. కబురు పంపిన మర్నాడే మామ వచ్చాడు. మనిషి వంగిపోయాడు. ఇంట్లోకి రాకుండా ముందు వీధిలో కొళాయి దగ్గరికే వెళ్లాడు. నా భార్య చెంబు తెస్తానంది, వద్దన్నాడు. తొట్టిలలో ఉన్న ఆ పిల్ల అప్పటికి బడికి పోతోంది. అది కొళాయి తిప్పింది. ఆయన దోసిలి పట్టి తాగాడు. కళ్లు మూసుకుని, నిదానంగా, అత్త పోస్తే నేను తాగినట్టే తాగాడు.

"మన నీళ్లే" అన్నాడు. "రుచి మారలే."

తర్వాత గడప దాటి లోపలికి వచ్చి, కాళ్లు కడుక్కుని, పీట మీద కూర్చున్నాడు. నా భార్య వడ్డించింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. వేళ్లతో ఒక మెతుకు నలిపి చూశాడు. జీవితమంతా వడ్లు పండించిన మనిషికి తెలియకుండా ఉంటుందా?

"అంగడి బియ్యమామ్మా?"

"అవును నాయనా" అంది ఆమె, తల వంచుకుని.

మామ ఆకు మీద ఉన్నదంతా తిన్నాడు. తిని, కూతురి వైపు చూసి, "బాగుండాది. ఇంకొంచెం పెట్టు" అన్నాడు.